గణకయంత్రపు గడియారమును తొందరపెట్టుట

రేడియో గల యింట కిలోహెర్ట్జు అను మాట క్రొత్తది కాదు. ఆకాశవాణి హైదరాబాదు 'ఎ' కేంద్రము మధ్యమ తరంగములలో 738 కిలోహెర్ట్జులపై దీర్ఘకాలము ప్రసారము సాగించినది. పెట్టె ముందు కూర్చుండి ముల్లును ఆ అంకె చెంతకు త్రిప్పిన గృహస్థులు ఈ నగరమున వేలకొలది కలరు. 1971లో అమెరికాయందలి ఇంటెల్ సంస్థ 4004 అను చిన్న సిలికాను బిళ్ళను విపణికి విడిచెను. గణించు అంగమంతయు ఒకే బిళ్ళపై అమరి అమ్మకమునకు వచ్చిన తొలి సాధనములలో నిది యొకటి. దాని గడియారము మిక్కిలి వేగముగా నడచినపుడు సెకనుకు 740 వేల మారులు కొట్టుకొనెడిది. అనగా మన కేంద్రపు తరంగమునకును ఆ బిళ్ళ నాడికిని లయ దాదాపు ఒక్కటే. ఇది కాకతాళీయమే కాని వేరు కాదు. అయినను పోల్చి చూచుటకు పనికివచ్చును. ప్రసార కేంద్రము తన అంకెను రవ్వంత జరిపినను పొరుగు కేంద్రముపై పోయి పడును. అందుచే ఆ అంకెను కదపరాదు. గణకయంత్రము గలవాడు తన యంత్రపు అంకెను పెంచుకొన్నచో అడుగువారెవ్వరును లేరు, ఆ యంత్రము తప్ప.

ఈ పనికి ఓవర్‌క్లాకింగు అని పేరు. తయారుచేసినవారు నిర్ణయించిన వేగముకంటె హెచ్చు వేగమున యంత్రమును నడిపించుట యని దాని అర్థము. తార్నాక కూడలికి ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును, మరియొక ప్రక్క ఉప్పల్ మార్గమున రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, కణజీవశాస్త్ర కేంద్రము మొదలగు పరిశోధనాలయములును ఉన్నవి. ఇట్టి తావున చదువుకొను పిల్లల గదులలో చేతులు మారి వచ్చిన పాత డెస్క్‌టాప్ యంత్రములు ఉండుట వింత కాదు. క్రొత్తది కొనుటకు డబ్బు చాలదు. పాతది నెమ్మదిగా నడచును. దానినే కొంచెము అదలించి పరుగెత్తించిన నేమి? ఈ ప్రశ్నలో పేరాస ఏమియు లేదు. కాని ఆ పెట్టెలోనే రెండు మూడేండ్ల పరిశోధన లెక్కలు కూడ ఉండును. కావున వేగమునకు హద్దు ఎక్కడ తగులునో, తగిలినపుడు ఏమి పోవునో తెలిసికొనుటకు మేము ఆ గడియారపు చరిత్రను కొంచెము వెనుకనుండి చూడదలచితిమి.

లెక్క త్వరగా తేలవలెనను కోరిక ఈ విశ్వవిద్యాలయమునకు పాతదే. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల 1919లో, అనగా విశ్వవిద్యాలయము పుట్టిన మరుసటి యేట, దాని ఆధ్వర్యములోనికి వచ్చినది. ఆకాశమంతటిని ఛాయాపటములుగా తీసి, నక్షత్రముల స్థానములను కొలిచి, పట్టికలుగా అచ్చువేయు అంతర్జాతీయ కార్యములో హైదరాబాదునకు కొంత భాగము దక్కినది. లక్షలకొలది నక్షత్రముల స్థానములను ఇక్కడి మనుష్యులు కంటితో చూచి, కొలిచి, చేతితో లెక్కకట్టి, సంపుటములుగా వెలువరించిరి. నాటి గణకుని వేగమునకు హద్దు అలసట. అలసినవాడు తప్పు చేయును, కాని తాను తప్పు చేసితినని ఎరుగడు. మరియొకరి లెక్కతో పోల్చి చూచిననే అది బయటపడును. ఈ సంగతి శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

యంత్రము ఈ ప్రాంతమునకు మరియొక దారిన వచ్చినది. తార్నాకనుండి హబ్సిగూడ, నాచారము, మల్లాపురము మీదుగా పోయినచో చర్లపల్లి వైపున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కర్మాగారము కనబడును. అణుశక్తి శాఖ క్రింద 1967 ఏప్రిల్ 11న అది ఏర్పడినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి ఆద్యులు, ఏ.ఎస్.రావు నగర్ అను పేట వారి పేరనే వెలసినది. ఈ సంస్థ పేరు వినగానే ఇళ్ళలో పెద్దలకు ముందుగా తోచునది ఈసీ టీవీ. కాని 1969లో ట్రాంబేలో రూపొంది ఈ సంస్థ చేతులమీదుగా వెలువడిన టి.డి.సి.-12 అను గణకయంత్రము స్వదేశ నిర్మాణములలో ముఖ్యమైనది. తరువాత 1970ల నడుమ 312, 316 అనునవి వచ్చినవి. ఆ పేర్ల చివరనున్న 12, 16 అను అంకెలు యంత్రము ఒక్క మారు పట్టుకొను పదమునందలి బిట్ల సంఖ్యను తెల్పును. అట్టి యంత్రములను చల్లబరచిన గదిలో ఉంచి, శిక్షణ పొందినవారు మాత్రమే ముట్టుకొనెడివారు. వాని గడియారమును తొందరపెట్టవలెనను ఊహ ఎవ్వరికిని కలుగుటకు తావు లేదు. యంత్రము ఒక్కని సొత్తు ఐన తరువాతనే ఆ ఊహ పుట్టినది.

గడియారమనగా ఇచట ముల్లులు గలది కాదు. క్వార్ట్జ్ స్ఫటికపు పలుక యొకటి విద్యుత్తు తగిలినపుడు నిలుకడగా కంపించును. ప్రసార కేంద్రములందు తరంగమును స్థిరముగా నిలుపునదియు ఇట్టి స్ఫటికమే. గణకయంత్రములో ఆ కంపనమును కొన్ని రెట్లు హెచ్చించి ప్రాసెసరునకు అందింతురు. ఒక్కొక్క కొట్టునకు లోపలి ట్రాన్సిస్టరులు ఒక్కొక్క అడుగు వేయును. ఒక అడుగు పూర్తియై విలువ స్థిరపడుటకు కొంత వ్యవధి కావలెను. స్థిరపడకమునుపే మరుకొట్టు వచ్చిపడినచో, యంత్రము సగము మారిన విలువను నిజమని గ్రహించి ముందునకు సాగిపోవును. సెకనుకు 300 కోట్ల కొట్లు కొట్టు యంత్రములో కొట్టునకు కొట్టునకు నడుమ వెలుతురు సైతము 10 సెంటీమీటర్లకు మించి పోజాలదు. అది అర జానెడు.

మరి పెట్టెపై వ్రాసిన అంకెను తయారుచేయువారు ఎట్లు నిర్ణయింతురు? ఒకే పలకపై పుట్టిన బిళ్ళలన్నియు సమానములు కావు. ప్రతిదానిని పరీక్షించి తరగతులుగా వేరుచేసి, మిక్కిలి వేడి గదియందును, తక్కువ వోల్టేజియందును, సంవత్సరములు గడచిన తరువాతను తప్పక నడచునట్లు కొంత వెసులుబాటు విడిచి అంకె వేయుదురు. ఒక్కొక్కప్పుడు తక్కువ ధర సరకునకు గిరాకి హెచ్చుగా నున్నచో మంచి బిళ్ళలకును చిన్న అంకెయే వేసి అమ్ముదురు. కావున ఆ అంకె యంత్రపు శక్తికి కొలత కాదు, అమ్మినవాని పూచీ మాత్రమే. పూచీకిని శక్తికిని నడుమనున్న ఆ సందులోనే ఈ చరిత్ర అంతయు జరిగినది.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లోని 8088 ప్రాసెసరునకు పూచీ 5 మెగాహెర్ట్జులు. అది నడచినది మాత్రము 4.77 పైననే. అమెరికా రంగుల టెలివిజనునకు వలసిన కంపనమునకు నాలుగింతలైన 14.318 మెగాహెర్ట్జుల స్ఫటికము చౌకగా దొరకుచుండుటచే, దానిని పెట్టి మూడిట భాగించిరి. లోకమును మార్చిన ఆ యంత్రము మొదటనే కొంచెము తక్కువ వేగమున నడుపబడినదన్నమాట. 1984లో అదే సంస్థ విడిచిన ఏ.టి. అను యంత్రపు వేగము 6 మెగాహెర్ట్జులు. అందలి 12 మెగాహెర్ట్జుల స్ఫటికము పీటలో గుచ్చి యుండెను, ఊడబెరుకుటకు అనువుగా. కొందరు యజమానులు దానిని తీసి 16 మెగాహెర్ట్జులది గుచ్చగా, యంత్రము 8పై నడచెను. సంస్థ దీనిని సహింపక, పిదప వచ్చిన యంత్రములలో ఆరంభమునందే వేగమును పరీక్షించి, హెచ్చుగా నున్నచో మొరాయించునట్లు ఏర్పాటు చేసినది. 1986లో 8 మెగాహెర్ట్జుల యంత్రమును తానే అమ్మకమునకు పెట్టినది! ఈ ముచ్చటలో తయారుచేయువానికిని కొన్నవానికిని గల తగవు అంతయు ఇమిడియున్నదని మా అభిప్రాయము.

మన దేశమున 1978లో ఐ.బి.ఎం. తరలిపోయినది. 1984 తరువాత దిగుమతి నియమములు సడలినవి. 1990లలో సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల భాగములు విడివిడిగా కొని పెట్టెను కూర్చు వాడుక నిలద్రొక్కుకొన్నది. పెట్టెను తన చేతితో కూర్చుకొన్నవానికి లోపలి మీటలును తెలియును. ఆ కాలమున, 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అనునది ఈ విద్యకు పట్టాభిషేకము చేసినది. 66 మెగాహెర్ట్జుల బస్సును నాలుగున్నర రెట్లు చేసి 300పై నడుచు బిళ్ళ అది. బస్సును 100 చేసినంతనే 450 అయ్యెడిది. అనేకుల యంత్రములు ఆ వేగమున సుఖముగా నడచినవి. చౌక సరకు ఖరీదైన సరకుతో సమానమయ్యెను.

దీనికి చీకటి ప్రక్క కూడ లేకపోలేదు. ప్రపంచమంతట కొందరు వర్తకులు తక్కువ అంకె గల బిళ్ళలపై అంకె చెరిపి, పెద్ద అంకె అచ్చువేసి అమ్మిరి. కొన్నవాడు తాను కొన్నది తొందరపెట్టిన గడియారమని ఎరుగడు. ఇంటెల్ సంస్థ గుణకమునకు తాళము వేయుటకు ఇదియొక కారణము. 2000 సంవత్సరపు ఏ.ఎం.డి. ప్రాసెసరులకును తాళము ఉండెను గాని, పైనున్న చిన్న రాగి వంతెనలను మామూలు సీసపు పెన్సిలుతో గీచి కలిపినచో అది తెరచుకొనెడిది. పెన్సిలులోనిది సీసము కాదు, గ్రాఫైటు. అది విద్యుత్తును పారనిచ్చును. బళ్ళోని పిల్లవాని పెన్సిలునకు ఇంతటి పని పడునని ఎవరనుకొందురు?

ఇక హద్దుల మాట. బిళ్ళలో పుట్టు వేడి గడియారపు వేగముతో సమముగా పెరుగును. కాని వేగము పెంచవలెనన్న ట్రాన్సిస్టరులు త్వరగా మారవలెను. అందులకు వోల్టేజి పెంచవలెను. వోల్టేజితో వేడి దాని వర్గము చొప్పున పెరుగును. వేగమును నూటికి 20, వోల్టేజిని నూటికి 10 పెంచితిమనుకొందము. 1.2ను 1.21తో హెచ్చింపగా 1.45. అనగా నూటికి 20 లాభమునకై నూటికి 45 వేడిని భరింపవలెను. పూర్వము ఈ చిక్కు లేదు. ట్రాన్సిస్టరు చిన్నదగు కొలది వోల్టేజిని కూడ తగ్గించుకొనవచ్చునని, అట్లైనచో వేడి పెరుగకయే వేగము పెరుగునని 1974లో ఐ.బి.ఎం.కు చెందిన రాబర్ట్ డెన్నార్డు, ఆయన సహచరులు చూపిరి. ఆ సూత్రపు నీడలోనే 1981 నాటి 4.77 మెగాహెర్ట్జులు 2004 నాటికి 3,800 అయినవి. ఇరువదిమూడేండ్లలో దాదాపు 800 రెట్లు. తరువాత వోల్టేజి తగ్గుట నిలిచిపోయినది. తగ్గించినకొలది ఆపివేసిన ట్రాన్సిస్టరులనుండి కూడ విద్యుత్తు కారసాగెను. 2004 అక్టోబరులో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జుల పెంటియం-4ను విడువబోమని ప్రకటించినది. ఆనాటినుండి ఒకే బిళ్ళలో రెండు, నాలుగు గణకములను పెట్టుట మొదలాయెను.

2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో తరము ఇట్టిదే. నేడు తార్నాక గదులలో పాతదని చెప్పబడు డెస్క్‌టాపులలో తొందరపెట్టుటకు మిక్కిలి లొంగునది ఆ తరమే. 266 మెగాహెర్ట్జుల బస్సును ఏడు రెట్లు చేసి 1,866పై నడుచు దాని చిన్న రకమును, బస్సును 400 చేసి 2,800కు ఎక్కించినవారు కలరు. కాని అది క్రొత్తగా నున్ననాటి మాట. ఇప్పుడా బిళ్ళ క్రిందనున్న మదర్‌బోర్డు వయస్సు కూడ లెక్కకు రావలెను. పాత వాల్వుల రేడియోలో కండెన్సరు ఎండిపోయినచో పాట వెనుక హమ్ అను రొద వచ్చుట పలువురు ఎరిగినదే. మదర్‌బోర్డుపైనను అట్టి కండెన్సరులే వోల్టేజిని నిలకడగా ఉంచును. ఈ శతాబ్ది తొలి యేండ్లలో తయారైన కొన్నింటిలో అవి నాసిరకమైనవి. తల ఉబ్బి, కారి, చెడిపోయినవి. ఉబ్బిన కండెన్సరు కనబడిన యంత్రమును తొందరపెట్టదలచుట ముసలి ఎద్దును పందెమునకు కట్టుట వంటిది. బిళ్ళకును పైనున్న లోహపు పలకకును నడుమ పూసిన లేపనము ఎండియుండును. పంకా రెక్కలపైన మన వీధుల దుమ్ము పేరియుండును. ముందు వానిని శుభ్రపరచి, లేపనము మార్చినచో, వేగము ముట్టుకొనకయే యంత్రము కొంత తేరుకొనుట కద్దు.

అన్నిటికంటె మన ఊరి ఎండ ముఖ్యము. ఈ విద్యను గూర్చిన మాటలు ఎక్కువగా చలి దేశములనుండి వచ్చినవి. అక్కడివారి గది వేరు, మన గది వేరు. ఒక యంత్రములో ప్రాసెసరు పని పడినపుడు గదికంటె 45 డిగ్రీలు హెచ్చుగా వేడెక్కునని అనుకొందము. వేడి నూటికి 45 పెరిగినచో ఈ తేడా 65 డిగ్రీలగును. డిసెంబరులో గది 25 డిగ్రీలున్నపుడు బిళ్ళ 90పై నిలుచును. విద్యార్థి పరీక్షించి, నడచుచున్నదని సంతసించును. మే నెలలో రేకుల కప్పు క్రింది గది 40 డిగ్రీలైనపుడు అదే బిళ్ళ 105 చేరవలెను. పెక్కు ప్రాసెసరులు 100 దరిదాపున తమంతట తామే వేగము తగ్గించుకొనును, లేదా ఆగిపోవును. అనగా తొందరపెట్టిన యంత్రము ఎండకాలమున తొందరపెట్టని యంత్రముకంటె నెమ్మదిగా నడచుటయు సంభవమే. చలికాలపు పరీక్ష మన నగరమున పరీక్ష కాదు.

పోనీ వేడికి తట్టుకొన్నదే యనుకొందము, లాభమెంత? 1967 ఏప్రిల్ నెలలో, చర్లపల్లి సంస్థ పుట్టిన కొద్ది దినములకే, అమెరికాలో జీన్ ఆమ్డాల్ అను శాస్త్రజ్ఞుడు ఒక సభలో చేసిన వాదము ఇచట వర్తించును. పనిలో ఒక భాగమును మాత్రమే త్వరపరచినచో, మిగిలిన భాగము అట్లే నిలిచి లాభమును తినివేయును. పది నిమిషముల పనిలో ఆరు నిమిషములు గణనము, నాలుగు నిమిషములు డిస్కు కొరకు నిరీక్షణము అనుకొనుడు. గడియారమును నూటికి 20 పెంచగా ఆరు నిమిషములు ఐదగును, మొత్తము తొమ్మిది. అదే యంత్రములో తిరుగు డిస్కు స్థానమున తిరుగుడు లేని ఎస్.ఎస్.డి. పెట్టినచో ఆ నాలుగు నిమిషములలో అధిక భాగము పోవును, వేడి పెరుగదు. పాత యంత్రము నెమ్మదించినదని అనుకొనువారిలో పలువురికి అడ్డము గడియారము కాదు, డిస్కు; లేదా చాలని మెమొరీ. గణనమే పనియంతయు ఐనవానికి మాత్రము ఈ మాట చెల్లదని ఒప్పుకొనవలెను.

అట్టివానికే అసలు ప్రమాదము. యంత్రము ఆగిపోయినచో తెలియును. తెర నీలమైనచో తెలియును. ఆగక, మొరాయింపక, ఎక్కడో ఒక బిట్టును తప్పుగా గ్రహించి లెక్కను సాగించినచో ఎవ్వరికిని తెలియదు. వేధశాలలోని అలసిన గణకునికిని దీనికిని భేదము లేదు. ఇందుకు మందును కూడ లెక్కలవారే కనుగొనిరి. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకుటకై 1996లో ఆరంభమైన సామూహిక ప్రయత్నమునందు వాడు ప్రైమ్95 అను ప్రోగ్రాము, ముందే జవాబు తెలిసిన పెద్ద లెక్కలను యంత్రముచేత చేయించి, వచ్చినదానిని తెలిసినదానితో పోల్చి చూడగలదు. ఒక్క అంకె తప్పినను నిలిపి చెప్పును. గడియారమును తొందరపెట్టినవారందరును దీనిని పరీక్షగా గైకొనిరి. గంటలకొలది, మన ఊరిలో నైతే మే నెల మధ్యాహ్నము, ఈ పరీక్ష నిలిచిన యంత్రమును కొంత నమ్మవచ్చును. నిలువనిదానిపై ఆటలాడుకొనవచ్చును గాని పట్టా కొరకు సమర్పించు లెక్కలు చేయరాదు. ఆ లెక్కల ప్రతి యొకటి వేరొక చోట ఉంచక గడియారమును తాకుటయే తగదు.

ఈ మధ్య తరములలో ఆ సందు మూసికొనిపోవుచున్నది. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ తరమునుండి బస్సు గడియారము యంత్రపు ఇతర భాగములతో ముడిపడినది. దానిని కొలదిగా పెంచినను మిగిలినవి తప్పును. గుణకమును తెరచి యుంచిన బిళ్ళలను వేరుగా, హెచ్చు ధరకు అమ్మిరి. వేడికి చోటున్నంతవరకు ప్రాసెసరే తన గడియారమును తానే పెంచుకొని, చోటు లేనపుడు తగ్గించుకొను ఏర్పాటు సామాన్యమైనది. పూర్వము యజమాని స్ఫటికము మార్చి సంపాదించుకొన్న వెసులుబాటును నేడు తయారుచేయువాడే ముందుగా వాడి, దాని వెల పుచ్చుకొనుచున్నాడు. సున్నకు 269 డిగ్రీలు దిగువనుండు ద్రవ హీలియము పోసి 9 గిగాహెర్ట్జులు దాటించినవారు 2020లలో కలరు. అది కొద్ది సేపటి వేడుక, ఇంటి పనికి వచ్చునది కాదు.

మేము చూచినంతలో పాత డెస్క్‌టాపు గలవారికి ఆ మీటను వెనుకకు త్రిప్పుటలోనే హెచ్చు ప్రయోజనము కనబడుచున్నది. వేగమును అట్లే ఉంచి వోల్టేజిని మాత్రము నూటికి 10 తగ్గించినచో, బిళ్ళలో వెసులుబాటు ఉన్నంతవరకు అది నడచును, వేడి నూటికి 19 తగ్గును. పైని లెక్కలో 45 డిగ్రీల తేడా 36 చిల్లర యగును. మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీల గదిలో 85 కావలసిన బిళ్ళ 77 దాటదు. పంకా రొదయు తగ్గును. దీనికిని ప్రైమ్95 పరీక్ష తప్పదు. తక్కువ వోల్టేజిలోను లెక్క తప్పుట కద్దు. అన్ని మదర్‌బోర్డులు ఈ మార్పునకు సమ్మతింపవు. బయాస్ తెరలో వోల్టేజి అను శీర్షిక ఉన్నదో లేదో ముందు చూచుకొనవలెను.